ఖర్కాయ్ వంతెనకు అవతలి చీకటి

రాత్రి పది గంటలు. బి షిఫ్టు ముగిసింది. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీల గేట్ల ముందు ఒక్కసారిగా బైకులు స్టార్టవుతాయి. కాసేపటికే ఆ గుంపు రెండుగా చీలిపోతుంది. కొందరు ఖర్కాయ్ నది మీది వంతెన దాటి జంషెడ్‌పూర్‌లోకి వెళ్లిపోతారు. కద్మా, బిష్టుపూర్, సోనారీ.. ఎటు వెళ్లినా వీధి దీపాలు ఇంటి గుమ్మం దాకా దిగబెడతాయి. మిగతావాళ్లు గమ్హారియా, కాండ్రా మీదుగా సరాయికేలా వైపో, చాండిల్ వైపో బండి తిప్పుతారు. ఊళ్లు దాటాక వాళ్లకు దిక్కు హ్యాండిల్ ముందున్న ఒక్క దీపమే.

ఉక్కు కర్మాగారం తొలినాళ్ల నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఊరు జంషెడ్‌పూర్. బిష్టుపూర్‌లో రామమందిరం, కద్మాలో ఆంధ్రా అసోసియేషన్ వాళ్లు కట్టుకున్నవే. నదికి ఇవతలున్న ఆదిత్యపూర్ కథ వేరు. 1972లో ఇక్కడ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక చిన్నా పెద్దా యూనిట్లు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా వరకు టాటా మోటార్స్‌ లారీలకు విడిభాగాలు చేసేవే. ఇంటికి వెళ్లే దారిలో ఆ కార్మికుడికి అన్నిటికన్నా భయం కూడా లారీతోనే. ఎదురుగా వచ్చే లారీ కాదు, వెనక దీపం లేకుండా రోడ్డు వారన ఆగి ఉన్న లారీ.

లెక్క చూస్తే భయం సబబే అనిపిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేసరికి సెకనున్నర గడుస్తుంది. అప్పటికే 25 మీటర్లు పోయాయి. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 20, 25 మీటర్లు. అంటే 50 మీటర్ల ముందే లారీ కనిపించాలి. సాధారణ బైకుల్లో 35 వాట్ల హాలోజన్ బల్బు డిమ్‌లో అంత దూరం చూపించడం కష్టం. అందులోనూ పాత బళ్లలో ఇంజను వేగం తగ్గితే దీపం కూడా నీరసిస్తుంది. గోతి దగ్గర బండి నెమ్మదించగానే గోతిని చూపించాల్సిన వెలుగూ తగ్గుతుందన్న మాట!

దాంతో కుర్రాళ్లు అదనపు లైట్ల కోసం సాక్చి, బిష్టుపూర్ దుకాణాల బాట పడతారు. అక్కడ అట్టపెట్టె మీద వేలల్లో ల్యూమెన్లు రాసి ఉంటాయి. ఆ అంకెను నమ్మితే మోసపోయినట్లే. దీపం ఎంత వెలుగు చిమ్ముతుందన్న దానికన్నా ఆ వెలుగు ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. సన్నటి పుంజాన్ని దూరానికి విసిరేది స్పాట్. దగ్గరలోనే వెడల్పుగా, పైన కోసినట్లుగా పరిచేది ఫాగ్ ల్యాంపు. కొనేవాళ్లలో చాలామంది చూపు మొదటిదాని మీదే. కానీ కాండ్రా దాటాక మలుపుల్లో, పశువులు అడ్డం వచ్చేచోట ఉపయోగపడేది రెండోదే. రోడ్డు అంచు, దాని పక్క మట్టి, ఆ మట్టిలో దిగబడిన లారీ చక్రం దానివల్లే కనిపిస్తాయి.

రంగు గురించీ అపోహలున్నాయి. పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందన్న మాట ప్రతి మెకానిక్ నోటా వినిపిస్తుంది. పొగమంచు బిందువులు కాంతి తరంగాలకన్నా చాలా పెద్దవి కాబట్టి తెలుపైనా పసుపైనా దాదాపు ఒకేలా చెదిరిపోతాయి. అయితే నీలం పాలు తక్కువగా ఉండడం వల్ల పసుపు కళ్లకు హాయిగా ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున సువర్ణరేఖ పక్కన మంచు కమ్మినప్పుడు లైటును కిందికి బిగించడమే అసలు కిటుకు. హ్యాండిల్ మీద పెడితే వెలుగంతా మంచు గోడకు తగిలి వెనక్కి వస్తుంది. క్రాష్‌గార్డ్‌కు ఇరువైపులా పెడితే ఇంకో లాభముంది. ఒంటి దీపాన్ని చూసి దూరం అంచనా వేయలేని ఎదుటి డ్రైవర్‌కు మూడు దీపాల త్రికోణం కాస్త ఆనవాలిస్తుంది.

వైరింగ్ దగ్గర పొదుపు పనికిరాదు. 20 వాట్లవి రెండు పెడితే 12 వోల్టుల బ్యాటరీ మీద మూడు ఆంపియర్ల పైచిలుకు భారం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది కనుక మిగులు విద్యుత్తు అంతంత మాత్రమే. రిలే, ఫ్యూజు లేకుండా హెడ్‌లైటు తీగకే అతికించేసే మెకానిక్ చేతిలో కొన్ని రూపాయలు మిగిలితే, ఏ వానాకాలం రాత్రో అసలు లైటే ఆరిపోతుంది.

ఇక చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది బండి ముందు స్పాట్‌లైట్లు బిగించడాన్ని నిషేధిస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి అనుమతిస్తేనే మినహాయింపు. 106వ నిబంధన ప్రకారం ఎనిమిది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి దీపం మిరుమిట్లు గొలపకూడదు. దుకాణంలో ఈ మాట చెప్పేవారుండరు. కొన్ని బైకులకు తయారీ సంస్థలే లైట్లు అమ్ముతున్నాయి. ఖరీదు ఎక్కువైనా ఆ దారే మేలు. ఎదుటివాడి కళ్లకు చీకట్లు కమ్మితే, ఆ క్షణంలో అతని లారీ ఎటు పోతుందో చెప్పలేం మరి.

చాండిల్ వైపు వెళ్లేవాళ్లకు మరో చిక్కుంది. దల్మా అడవుల ఏనుగులు వరి పండే కాలంలో పొలాల మీద పడతాయి, రోడ్లూ దాటుతాయి. బూడిద రంగు శరీరం రాత్రి తారురోడ్డులో కలిసిపోతుంది. దగ్గరి దీపానికి ముందు కాళ్లే కనిపిస్తాయి. అవి చెట్టు మొదళ్లనుకుంటే అంతే సంగతులు. వెడల్పుగా పరిచే లైటు రోడ్డు వారనున్న గుంపును ముందే పట్టిస్తుంది. కానీ కనిపించాక చేయాల్సింది వెలుగును దాని ముఖాన కొట్టడం కాదు. దూరంగా ఆగడం, అదనపు లైట్లు ఆర్పేయడం, హారన్ జోలికి పోకుండా అది దాటేదాకా వేచి ఉండడం.

అందుకే లైటు కొన్నవాడు దాని స్విచ్చును ఎడమ బొటనవేలికి అందేలా బిగించుకోవాలి. గ్లవుజు తొడుక్కుని, చూడకుండానే, ఒక్క నొక్కుతో ఆరిపోయేలా.