మేళం మూగబోయింది

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. కొత్త కంప్యూటర్ కొనడానికి చేతులాడక, పాతదాంట్లోనే లైనక్స్ మింట్ వేసుకున్నాను. ఉత్తరాలు, లెక్కలు రెండు రోజుల్లో అలవాటయ్యాయి. చిక్కంతా వీడియో ఎడిటింగ్‌తోనే.

సినిమావాళ్లు రంగులు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా వస్తుందంటే సంబరపడ్డాను. అక్క కూతురి పెళ్లి వీడియో అందులో పెడితే బొమ్మే రాలేదు. ఎలాగో మార్చి ఎక్కిస్తే జీలకర్ర బెల్లం వేళ డోలాయన చేతులు ఆడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు! మన ఫోన్లు ధ్వనిని ఎక్కువగా ఏఏసీ పద్ధతిలో దాస్తాయి. లైనక్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కి ఆ భాష రాదట.

చివరికి కేడెన్‌లైవ్ అనే ఎడిటర్ దగ్గర ఆగాను. హంగులు తక్కువే. కానీ దాని వెనక రకరకాల వీడియోలను చదివే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉంది కాబట్టి దాదాపు ఇచ్చినదల్లా తెరుస్తుంది. ప్రాక్సీ పెడితే తేలిక నకళ్లు చేసుకుని, నా ముసలి యంత్రం మీద కూడా నడుస్తుంది. టైటిల్‌లో ‘శుభమస్తు’ అని కొడితే ఒత్తు విడిపోకుండా అక్షరం కింద బుద్ధిగా కూర్చుంది. నాకు అది చాలు.

మీరూ మారుతుంటే, పేరు చూసి మోజుపడకండి. ముందు మీ ఫోన్‌లో తీసిన ఒక నిమిషం ముక్క వేసి, చెవి పెట్టి వినండి.