అంకె వేషం మారితే

హాస్టల్లో మా గదిలో ముగ్గురం. నాది జనగామ, ఒకడిది మహబూబాబాద్, ఇంకొకడిది భూపాలపల్లి. 2016 దాకా అందరిదీ వరంగల్ జిల్లాయే, ఇప్పుడు ఒక్క గదిలో మూడు జిల్లాలు!

దశాంశ సంఖ్యను పూర్ణసంఖ్యగా మార్చితే చుక్క తర్వాతిది రాలిపోతుందని సారు చెప్పగానే మహబూబాబాద్ వాడు లేచాడు. వాళ్ళది మిర్చి పండించే ఇల్లు. "అంటే 7.9 క్వింటాళ్ళు ఏడే అయితయా సార్? 90 కిలోలు ఎటుపోయినయ్?" క్లాసంతా ఒకటే నవ్వు. నిజానికి నవ్వే ప్రశ్న కాదది. సీ, జావా, పైథాన్ మూడూ చేసేది అదే. దగ్గరి అంకెకు సవరించవు, కోసేస్తాయి. సవరించమని మనమే విడిగా చెప్పాలి. తాలు, తరుగు పేరిట యార్డులో పోయేది చాలదా, ప్రోగ్రాము కూడా కోయాలా?

భూపాలపల్లి మిత్రుడి పేచీ బ్యాంకు ఖాతా నంబరుతో. ముందు సున్నా ఉన్న నంబరును ఎక్సెల్ అంకెగా తీసుకుంటే ఆ సున్నా మాయం. 16 అంకెలుంటే చివరిది సున్నా అయి కూర్చుంటుంది, 15కు మించి దానికి గుర్తుండవు గనుక. స్కాలర్‌షిప్ డబ్బు ఎవరి ఖాతాకు పోవాలి మరి? ఖాతా నంబర్లను ఎవరైనా కూడతారా? అది పేరు లాంటిది, అక్షరాలుగానే రాసుకోవాలి.

1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్టు లేచిన సుమారు 40 సెకన్లకే ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను, 32,767 దాటితే చోటులేని 16 బిట్ల పూర్ణసంఖ్యలో కుక్కబోయారు. మానికలో పుట్టి వడ్లు పోసినట్టే!

మొన్న సరదాగా ౧౨౩ అని తెలుగు అంకెలు కొట్టి చూశాను. పైథాన్ చక్కగా 123 అంది. జావాస్క్రిప్టు మాత్రం అసలిది సంఖ్యే కాదు పొమ్మంది.