రాయపూర్‌లో రోహిణి కార్తె

ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు, మనం రోహిణి కార్తె అంటాం. పేరేదైనా మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ రోళ్ళు పగిలే ఎండ ఒకటే. రైల్వేలో రిటైరై ఇక్కడే ఉండిపోయిన మా ఇద్దరి రోజు తెల్లవారుజామున తెలీబాంధా చెరువు గట్టు మీద నడకతో మొదలవుతుంది.

ఇంటికొచ్చాక, రాత్రి నీళ్ళుపోసి ఉంచిన అన్నంలో మా ఆవిడ మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పక్కన పెడుతుంది. మాకది చద్దన్నం, పక్కింటావిడకు బోరే బాసి. పది దాటితే తలుపులు మూసి, కూలర్లో నీళ్ళు నింపుతాను.

మధ్యాహ్నం విశాఖ నుంచి రైల్లో వచ్చిన కొత్తావకాయ జాడీ విప్పితే ఇల్లంతా పుట్టింటి వాసనే అంటుంది మా ఆవిడ. సాయంత్రం సగం జాడీ పక్కింటికి వెళ్తుంది.

మృగశిర తొలి చినుకుకు లేచే మట్టివాసన రెండు ఊళ్ళలోనూ ఒకటే. ఆ చినుకు కోసం ఇద్దరం వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తున్నాం.