చెవి సాక్ష్యము

పరుల వెఱ్ఱిని చూచి నవ్వుట సులభము. తన వెఱ్ఱిని తెలిసికొనుటకు మాత్రము చాలకాలము పట్టును. నాకు ఒక సంవత్సరము పట్టినది. సంస్కృతమును, ఆంగ్లమును చదువుకొని, ఇరువది యేండ్లుగా బడిపిల్లలకు "ప్రమాణము లేనిదే దేనిని నమ్మరాదు" అని బోధించుచున్న నేను, ఒక మోటారు సైకిలు విషయమున ఆ పాఠమును ఎట్లు మఱచితినో చదువరులకు విన్నవించెదను.

2021లో నేనొక 350 సి.సి. బండిని కొంటిని. మూడేండ్లు అది నన్ను బడికి చేర్చుచు, ఇంటికి తెచ్చుచు, ఎట్టి వంకయు లేక నడచెను. నలువదియైదవ యేట నాకే వంక పుట్టినది. ఒక దుకాణమువారి మాట విని, పాత సైలెన్సరును గొట్టముతో సహా తీయించి, పొగ సులభముగా వెడలు క్రొత్తదానిని, గాలి ధారాళముగా లోనికి పోవు ఫిల్టరును పెట్టించితిని. బండి గర్జించినది. ఆ గర్జనలో నా యౌవనము తిరిగి వచ్చినట్లు తోచెనని చెప్పుకొనుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది.

వారము తిరుగకముందే యాక్సిలరేటరు వదలినప్పుడెల్ల సైలెన్సరులో టపాకాయలు ప్రేలినట్లు చప్పుళ్లు మొదలైనవి. బండి తొట్రుపడుచుండెను, ఇంజను పూర్వముకంటె వేడెక్కుచుండెను. ఇందలి సూత్రము గహనమైనది కాదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలయును. నేడు మన బంకులలో దొరకు 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలునకు 13.5 గ్రాములకు అటునిటుగా చాలును. అనగా అంతే గాలికి ఇంధనము ఇంకను ఎక్కువ పోయవలెను. గాలి పెరిగి ఇంధనము పెరుగనిచో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును; మితి తప్పినచో పిస్టను చెడును. ఇంధనమే మితి మీరినచో ప్లగ్గు మసిబారును, డబ్బు పొగయైపోవును.

కార్బురేటరుల కాలమున దీనికి ఉపాయము కంటికి కనబడునది. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు పైలట్ జెట్టు, నడిమి వేగమున సూది, పూర్తిగా త్రిప్పినప్పుడు మెయిన్ జెట్టు ఇంధనమును కొలిచి పోయును; వానిని మార్చి సరిచేయుదురు. 2020 ఏప్రిలు 1న బి.ఎస్.6 నిబంధనలు అమలులోనికి వచ్చినది మొదలు, మనదేశపు క్రొత్త బండ్లలో దాదాపు అన్నిట ఈ పనిని ఈసీయూ అను చిన్న కంప్యూటరు చేయుచున్నది. ఇంజక్టరు ఎంతసేపు తెరచియుండవలెనో అది తనలోని మ్యాపు అను పట్టికను చూచి నిర్ణయించును. బండి సమవేగమున పోవునప్పుడు పొగగొట్టమునందలి ఆక్సిజను సెన్సరు చెప్పినది విని లెక్కను దిద్దుకొనును. పూర్తిగా త్రిప్పినప్పుడు ఆ సెన్సరును వినక పట్టికనే నమ్మును.

దుకాణమువారే ఔషధమును కూడ చెప్పిరి. ఈసీయూకును ఇంజక్టరునకును నడుమ అమర్చు పెట్టె యొకటి కలదు. అది ఈసీయూ ఆజ్ఞను దారిలో పట్టి ఇంధనమును పెంచి పంపును. మెకానిక్కు పెట్టెను అమర్చి, చెవియొగ్గి విని, "ఇప్పుడు కుదిరింది మాస్టారూ!" అనెను. నేనును చెవియొగ్గి తల యూచితిని. సాక్షులు ఇద్దఱు; ఇద్దఱికిని చెవులే ప్రమాణము.

మా యింట జమాఖర్చుల పుస్తకము వ్రాయునది నా భార్య. కొన్ని నెలల పిమ్మట ఒక రాత్రి ఆమె ఆ పుస్తకమును నా ముందుంచి, "ఏమండీ, లీటరుకు ముప్పై అయిదు కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు ఇరవై ఎనిమిది వస్తోంది. బండి బాగుపడిందంటున్నారు, దేనితో కొలిచారు?" అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. మన వైద్యులు నిదానమును ముందుంచి చికిత్సను తరువాత చెప్పిరి. మాధవకరుడు రోగనిర్ణయము కొఱకే ఒక గ్రంథమును రచించెను. అది యెఱిగియు నేను నాడి చూడకయే మందు పోయించితిని.

వేసవి సెలవులలో హైదరాబాదునందు డైనో యంత్రము గల పనిశాల కొకదానికి పోతిని. అచటి యువకుడు మొదట యంత్రమును ముట్టలేదు. సైలెన్సరు కీలును తడవి, వదులుగా నున్నదని బిగించెను. చప్పుళ్లలో సగము అచటనే అణగినవి! పిమ్మట వెనుక చక్రమును రోలరుపై నడిపించి, పొగను కొలిచి, పటమును చూపెను. నడిమి వేగమున ఇంధనము ఎక్కువ, పూర్తి వేగమున తక్కువ. పెట్టె అమర్చునప్పుడు ఆక్సిజను సెన్సరును వేఱుచేసిరట. తప్పును దిద్దువాడు లేకపోయెను.

ఏ పద్ధతి మేలని యడుగగా, అతడు ముందుగా ఏమి మార్చితినని నన్నే యడిగెను. అతడు చెప్పినదాని సారమిది. చివరి సైలెన్సరును మాత్రమే మార్చి, కేటలిటిక్ కన్వర్టరును, ఫిల్టరును కదల్పనిచో, చాలవఱకు ఈసీయూ దిద్దుబాటే చాలును. సెన్సరును మభ్యపెట్టు చౌక పరికరము సమవేగముననే పనిచేయును. పూర్తి బలము వేళ దానివలన ప్రయోజనము లేదు. పెట్టె, కొలిచి అమర్చినచో, మంచిదే. తీసివేసినచో పూర్వస్థితి వచ్చును. కాని సామాన్యమైన పెట్టెకు నిప్పురవ్వ పుట్టు సమయముపై అధికారము లేదు. గొట్టము మొత్తమును, ఫిల్టరును మారినచో, డైనోపై కొలుచుచు ఈసీయూ పట్టికనే తిరిగి వ్రాయించుట ఉత్తమము. అందు వారంటీ పోవు భయమును, వ్రాయువాని నేర్పుపై ఆధారపడుటయు కలవు.

"ఇంతకు నాకు పెరిగిన బలమెంత?" అంటిని. మార్పులేని అదే రకపు బండి పటమును ప్రక్కనుంచి, "ఒక హార్సుపవరు కూడా లేదండీ. శబ్దం మాత్రం బాగా పెరిగింది" అనెను. పట్టిక వ్రాయించు వెల కనుగొని, ఆలోచించి వచ్చెదనని తిరిగి వచ్చితిని.

జూనులో బడి తెఱచిరి. పౌరధర్మముల పాఠము చెప్పుచు, ఇరుగుపొరుగువారికి మనవలన కలుగు బాధకు ఉదాహరణము చెప్పుడంటిని. ఒక బాలిక లేచి, "మీ బండి మా ఇంటి ముందు వెళ్లినప్పుడు మా చిట్టి తమ్ముడు ఉలిక్కిపడి లేస్తాడండీ. అమ్మ మళ్లీ ఉయ్యాల ఊపాలి" అనెను. ఆమె నన్ను ఎత్తిపొడువలేదు, అడిగినది చెప్పినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణము, అనుమతి లేని ప్రతి మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాయో, ఆరు మాసముల వఱకు కారాగారమో, రెండునో విధించుచున్నది. ఆ చట్టము నాకు తెలియును. అయినను నన్ను నిలిపినది చట్టము కాదు, ఆ ఉయ్యాల.

ఆ ఆదివారమే పాత సైలెన్సరును, పాత ఫిల్టరును పెట్టించి, సెన్సరును తిరిగి కలిపించి, పెట్టెను తీయించితిని. నాకు తగిన పద్ధతి అదియేనని తేలినది. మార్పు చేయదలచువారికి నేను చెప్పగలది ఇంతే: ఏమి మార్చితిమో వ్రాసికొనుడు, కీళ్లను చూడుడు, కొలిపించుడు, ఆ తరువాతనే పద్ధతిని ఎంచుకొనుడు. అన్నిటికంటె ముందు, ఆ మార్పు ఎవరికొఱకో అడిగికొనుడు.

నెలాఖరున నా భార్య పుస్తకములో "లీటరుకు 34" అని వ్రాసినది. ప్రక్కన వ్యాఖ్య ఏమియు వ్రాయలేదు.