కాలిన గాయమునకు తగిన కట్టు

వంటయిల్లు మన రాజ్యమని పెద్దలందురు. ఆ రాజ్యమున నిప్పు తిరుగబడిన దినమున ఏమి చేయవలెనో ఎరిగియుండుట మన విధియే కదా!

ఒడలు కాలినంతనే మన యిండ్లలో చేతికందునవి పసుపు, నేయి, సిరా, నేడు టూత్‌పేస్టు. ప్రేమతో పూయుదురు గాని అవి మేలు చేయవు. మేము బాల్యమున తండ్రిగారియొద్ద సంస్కృతము చదువుకొనునపుడు, సుశ్రుతుడు దగ్ధములను ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగు విధములుగా విభజించెనని నేర్చుకొంటిమి. గాయము ఎట్టిదో చూడక చికిత్స లేదని దానివలన గ్రహించితిమి. పసుపుతోను సిరాతోను రంగు మారిన చర్మమునందు వైద్యుడు గాయపు లోతును ఎట్లు కనుగొనగలడు?

మొదటి మందు నీరు. గాజులు, ఉంగరములు వాపు రాకమునుపే తీసి, పంపు క్రింద 20 నిమిషములు చల్లని ధార పట్టవలెను. కాలి 3 గంటలలోపల నైనను ఇది మేలే. మంచుగడ్డ పెట్టరాదు, బొబ్బలు చిదుపరాదు, అంటుకొన్న బట్టను లాగరాదు.

పిమ్మట కట్టు. ఆహారముపై కప్పు పలుచని ప్లాస్టిక్ పొర ఇందుకు మిక్కిలి అనువైనది. అది గాయమున కంటుకొనదు; లోపలిది కనబడుచుండును. మొదటి చుట్టు పారవేసి తక్కినదానిని పొడవుగా పరచవలెనే గాని బిగించి చుట్టరాదు. వాపు వచ్చినచో రక్తప్రసారమున కడ్డగును. ముఖముపై వేయరాదు. పొర లేనిచో ఉతికిన నూలుబట్టను వదులుగా కప్పిన చాలును. దూది పనికిరాదు, పోగులు గాయమున కంటును.

గత వేసవిలో మా పొరుగింట రెండేండ్ల బిడ్డ చేతిపై గంజి ఒలికెను. అత్తగారు పసుపు తెచ్చిరి. క్రొత్త కోడలు, “అత్తయ్యగారూ, ముందు నీళ్ళు పోయనివ్వండి, పసుపు సంగతి తరువాత చూద్దాము” అని మెల్లగా పలికి బిడ్డను పంపుకడకు చేర్చెను. మేము గడియారము చూచుచుంటిమి. చలి తగులకుండ బిడ్డ ఒంటికి తువ్వాలు చుట్టినది ఆ అత్తగారే. మా యింటి ప్లాస్టిక్ పొర పరచి ఆసుపత్రికి పంపితిమి. వైద్యురాలు పొర తీయకయే గాయమును చూడగలిగెను.

గాయము బాధితుని అరచేతికంటె పెద్దదైనను, ముఖము, చేతులు, కీళ్ళు కాలినను, విద్యుత్తువలన కలిగినను ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

నేడే ఒక పాత పంచెను ఉతికి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి మూతగల డబ్బాలో దాచుడు. ఆ డబ్బా చోటు అత్తకును కోడలికిని సమానముగా తెలిసియుండవలెను.