గూడెక్కని కోడి

బదిలీ ఉద్యోగులకు ప్రతి కొత్త ఊరూ ఒక కొత్త పాఠం నేర్పుతుందని పెద్దలంటారు. వైతికుప్పం మాకు నేర్పిన పాఠం ఒక కోడిపెట్ట ద్వారా లభించింది.

మాది యానాం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే అయినా, ఆ పట్టణానికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు సముద్రతీరాన ఉన్న బెస్తవారి పేట వైతికుప్పంలో అద్దెకు దిగాము. మాసి మగం నాడు పలు ఆలయాల ఉత్సవమూర్తులు తీర్థవారికి తరలివచ్చే తీరం అది. మా అమ్మాయి ముచ్చట తీర్చడానికి రెండు పెట్టలను తెచ్చి, పాత చెక్కపెట్టెతో పెరట్లో గూడు అమర్చాము.

కొన్నాళ్ళకు ఆ పెట్టలు సాయంత్రం గూటిలోకి రావడానికి మొండికేయసాగాయి. ప్రహరీ గోడపై ముడుచుకుని కూర్చునేవి. పిల్లుల భయంతో మేము కర్రతో అదిలించి, లోపలికి తోలి తలుపు బిగించేవాళ్ళము. క్రమంగా గుడ్లు తగ్గాయి. ఎర్రని జుట్టూ తమ్మెలూ పాలిపోయాయి. ఒక ఉదయం చిన్న పెట్ట గూటిలోనే చనిపోయి కనిపించింది. పగలు ఎంత వెదకినా ఈకలలో కొద్దిపాటి పేలు తప్ప మరేమీ కనపడలేదు.

మేము 'పాటి' అని పిలుచుకునే ఇంటి యజమానురాలు, "పగలు చూస్తే ఏం తెలుస్తుంది? రాత్రి దీపం పట్టి చూడండి" అన్నది. ఆ రాత్రి టార్చిలైటు వేసి చూచాము. చెక్కల అతుకుల నుండి ఆవగింజకన్న చిన్నవైన ఎర్రని పురుగులు బారులు తీరి కోడి కాళ్ళ మీదికి ప్రాకుతున్నాయి. మా ఒళ్ళు జలదరించింది.

మరునాడు పశువైద్యులు వివరించారు. పేలు కోడి ఒంటినే అంటిపెట్టుకుని జీవిస్తాయి. వాటి గుడ్లు ఈకల మొదళ్ళలో గుత్తులుగా ఉంటాయి. ఈ ఎర్ర పురుగు మాత్రం పగలు గూటి సందులలో దాగి, రాత్రి వచ్చి రక్తం పీలుస్తుంది. వేడి వాతావరణంలో వారం పది రోజులలోనే కొత్త తరం పుడుతుంది. కోళ్ళు లేకున్నా నెలల తరబడి బ్రతకగలదు. కనుక కోడికి మాత్రమే చికిత్స చేస్తే చాలదు, గూటికీ చేయాలి.

ఆయన చెప్పినట్లే గడ్డి తీసి కాల్చివేశాము. అతుకులలో మరిగే నీరు పోసి, ఎండబెట్టి, సున్నం పూశాము. ఆయన వ్రాసిచ్చిన పొడిని రెక్కల క్రింద, తోక మొదట అద్దాము. మందుకు గుడ్లు చావవు గనుక, వారం తరువాత అంతా తిరిగి చేశాము. స్నానానికి ఇసుక, బూడిద కలిపి ఒక తొట్టిలో పోశాము. పొలం మందులు గాని, కిరసనాయిలు గాని కోడికి పూయరాదనీ, తాను చెప్పిన గడువు వరకు గుడ్లు తినరాదనీ ఆయన హెచ్చరించారు. ఆ మాట విలువ మాకు 2017లో మరింతగా బోధపడింది. ఆ యేడు నెదర్లాండ్స్, బెల్జియంలలోని కోళ్ళఫారాలలో ఈ ఎర్ర పురుగు నిర్మూలనకే అనుమతి లేని ఫిప్రోనిల్ వాడినందున, లక్షలాది గుడ్లను మార్కెట్ల నుండి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మా పెట్ట కోలుకున్నది. అయితే అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు: "నాన్నా, అది లోపలికి పోనని రోజూ చెప్పింది కదా?"

నిజమే. నోరులేని ప్రాణి తనకు తెలిసిన ఒకే భాషలో మొరపెట్టుకుంటే, దానిని మొండితనమని తలచి, శత్రువుల మధ్యకు మేమే తోలి తలుపు వేశాము. ఇంట్లోనైనా, కార్యాలయంలోనైనా ఎవరైనా అకారణంగా మొండికేస్తున్నారనిపించినప్పుడు, కర్ర అందుకొనే ముందు ఒకసారి దీపం పట్టి చూడడం మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాము.

రెండవసారి చికిత్స ముగిసిన నాటి సాయంత్రం మేము కర్ర తీయలేదు. పెట్ట గోడ దిగి వచ్చి, గడప వద్ద కాసేపు ఆగి, తనంత తానే లోపలికి నడిచింది.