బండి కిందికి దించాలన్న కోరిక

ఆడవాళ్ళు కారు కొనుక్కోవడానికి మన ఇళ్ళల్లో కొన్ని కారణాలు చెల్లుతాయి. ఉద్యోగానికి వెళ్ళాలి, పిల్లల్ని బడి దగ్గర దింపాలి, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మా మోపిదేవిలో అయితే గుడి కూడా ఒక కారణమే. సంతానం కోసమనీ, నాగదోషం పోవాలనీ సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకున్న ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తుంటారు, ఎక్కువమంది వెనకసీట్లో కూర్చుని. ఈ కారణాలన్నీ ఇంకెవరి అవసరంలోంచో పుట్టినవే. "నాకు బండంటే ఇష్టం, దాని రూపం ఇలా ఉండాలి, నడక ఇలా ఉండాలి" అన్న మాట మాత్రం ఆడదాని నోటివెంట వస్తే చెల్లదు.

మా మేనకోడలు అడిగేదాకా ఈ సంగతి నాకూ ఇంత స్పష్టంగా తట్టలేదు. తను మెకానికల్ డిప్లొమా చేసి విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. నా దగ్గర 2009 మోడల్ మారుతి 800 ఉంది. నా జీతం డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాను. 2014లోనే ఆ మోడల్ తయారీ ఆగిపోయింది గానీ నా బండి మాత్రం ఆగలేదు. "అత్తా, దీన్నొక రెండంగుళాలు కిందికి దించుదాం. డబ్బులు నావి. పదివేలలో అయిపోవాలి" అంది.

మా వదిన వెంటనే "ఆ పదివేలు చిట్టీలో వేసుకోరాదుటే!" అని కసిరింది. అదే వదిన, కొడుకు మోటార్‌సైకిల్ సైలెన్సర్ మార్చి వీధంతా అదరగొడుతుంటే "కుర్రతనం, వాడే మానుకుంటాడు" అని నవ్వి ఊరుకుంది. ఒకే ఇంట్లో ఒకే రకం సరదా. కొడుక్కి అది వయసు, కూతురికి దుబారా.

ఇద్దరం బందరులో ఒక షెడ్డుకి వెళ్ళాం. "సార్ రాలేదా మేడమ్?" అన్నదే మొదటి పలకరింపు. రెండో మాట, స్ప్రింగులు రెండేసి చుట్లు కోసేస్తే సరిపోతుందని. రెండువేలట. "కోస్తే స్ప్రింగు బిగిసిపోదా అన్నా?" అని పిల్ల అడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా, బండి కిందికొస్తదా లేదా" అన్నాడు. కోయకూడదని అతను చెప్పలేదు. కోస్తే ఏమవుతుందో కూడా చెప్పలేదు. జవాబు చెప్పనక్కర్లేని మనుషులుగా మమ్మల్ని చూశాడు, అంతే.

ఆ జవాబు మేనకోడలు ఇంటికొచ్చి తనే రాసింది. స్ప్రింగు చుట్లు తగ్గేకొద్దీ బిగువు పెరుగుతుంది. పనిచేసే చుట్లు ఆరుంటే, ఒకటి కోస్తే బిగువు 20 శాతం, రెండు కోస్తే 50 శాతం పెరుగుతుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగుకి తగ్గదే ఉంటుంది. అది కొత్త బిగువుని అదుపు చెయ్యలేక బండి కుదుపుతుంది. కోసిన కొస తన గూట్లో సరిగా కూర్చోదు, చక్రం గోతిలో వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకి జరగొచ్చు. గ్యాస్‌మంటతో కాల్చి కుంగదీస్తే ఉక్కుకున్న పదునే పోతుంది. పద్ధతిగా చెయ్యాలంటే పొట్టి స్ప్రింగులూ, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లూ జతగా వెయ్యాలి, ఆపైన చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి.

తర్వాత రోడ్డు లెక్క. ఖాళీ బండి అడుగుకీ నేలకీ మధ్య ఎడం సుమారు 16-17 సెంటీమీటర్లు. నలుగురు కూర్చుంటే నాలుగు తగ్గుతుందని కొలిచింది. రెండంగుళాలు దించితే ఇంకో అయిదు. మిగిలేది ఏడెనిమిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తుండాలి. మా వీధిలోది అరమీటరు వెడల్పున 12 సెంటీమీటర్లుంది. ముందుచక్రాలు దాటాక అది సరిగ్గా బండి పొట్ట కింద నిలబడుతుంది.

చట్టం సంగతి నేను చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే అవకాశం వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటున్న మాకు ఇదేమీ చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మా అమ్మ మోకాళ్ళు. ఇప్పటికే ఆ సీట్లోంచి లేవడానికి తలుపు పట్టుకుని "సుబ్రహ్మణ్యా" అంటుంది. ఇక్కడే నాకు భయమేసింది. పెద్దవాళ్ళ సుఖం కోసం ఆడపిల్ల తన ఇష్టాన్ని మళ్ళీ చంపుకోవాలా? ఈ కథ మనకి కొత్తది కాదు కదా. నోరు తెరిచి త్యాగం చెయ్యమని నేను చెప్పలేను. అమ్మ మోకాళ్ళు లెక్కలోకి రావనీ చెప్పలేను. కానీ పిల్ల నన్ను అడగనే లేదు. టేపు తెచ్చి నాయనమ్మ మోకాలి ఎత్తూ, సీటు ఎత్తూ కొలిచి, స్ప్రింగు లెక్క పక్కనే రాసుకుంది. నాయనమ్మ ఒళ్ళు తనకి అడ్డంకి కాదు, కొలతల్లో ఒకటి. త్యాగానికీ నిర్ణయానికీ తేడా నాకు అక్కడ కనిపించింది.

యంత్రం మగవాళ్ళదని ఎవరైనా అంటే నాకు బెర్తా బెంజ్ గుర్తొస్తుంది. పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము కార్ల్ బెంజ్ వర్క్‌షాపులో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని తీసుకుని జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల దాకా కారు నడిపింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. తక్కువ ఖర్చులో బండి బాగుచేసుకోవడం అంటే అదీ. డబ్బు ఆమెది, ప్రయాణం ఆమెది, పేటెంటు మాత్రం ఆయన పేరున.

చివరికి మా బండి దిగలేదు. కొలిస్తే ముందు స్ప్రింగులు డ్రైవర్ వైపు ఒకటిన్నర సెంటీమీటర్లు ముందే కుంగి ఉన్నాయి. వాటిని కంపెనీ కొలతవే జతగా మార్చి, నాలుగు షాక్ అబ్జార్బర్లూ, అరిగిన రబ్బరు బుష్షులూ కొత్తవి వేయించి, అలైన్‌మెంట్ చేయించింది. దించాలని మొదలెట్టిన పని బండిని కాస్త పైకి లేపిందని పిల్ల పడీపడీ నవ్వింది. కానీ చల్లపల్లి వైపు మలుపుల్లో ఇదివరకటి ఊగుడు లేదు. బండి నేలని పట్టుకుని నడుస్తోంది. తను కోరుకున్న దాంట్లో సగం అదేనంది. మిగిలిన సగం, ఆ రూపం, నోటుపుస్తకంలో బొమ్మగా ఉంది. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ కోసం ఎప్పటికైనా ఒక బండి తయారుచేస్తానంటోంది. చేస్తుందో లేదో తన ఇష్టం.

ఈసారి వేరే షెడ్డుకి వెళ్ళాం. ఖర్చు పదివేలు దాటి ఇంకో పద్నాలుగు వందలైంది. బిల్లు ఎవరి పేరున రాయమంటారని అతను నా వైపు చూశాడు. మేనకోడలు తన పేరు చెప్పి, స్పెల్లింగ్ తప్పు రాస్తే దిద్దించింది. ఆ బిల్లు మా వదినకి ఇంకా చూపించలేదు. చిట్టీ పాట అయ్యాక చూపిస్తుందట.